వంటగది ఉన్న దీవి

మా తాతగారి సంతానమంతా ఏటా వేసవిలో ఒకచోట చేరుతుంది. దాన్ని మేము కూడిక అంటాం. తాతగారు మిషన్ బళ్ళో పంతులుగా ఉన్న రోజుల్లో మొదలైంది. బడికి సెలవులిచ్చాక సఖినేటిపల్లిలో మా దొడ్లో టెంటు వేసి, అద్దె కుర్చీలు తెప్పించి, పొద్దున్న ప్రార్థన, మధ్యాహ్నం కోడి పలావు, సాయంత్రం ముంజెలు, రాత్రి చాపల మీద వరసగా పడక. ఎవరు ఎక్కడున్నా వచ్చేవారు. రెండ్రోజులు తిని, దెబ్బలాడుకుని, ఏడ్చి, మళ్ళీ ప్రార్థన చేసుకుని పంటు ఎక్కి గోదావరి దాటి వెళ్ళిపోయేవారు.

ఆ మధ్య ఒక ఈస్టరు మర్నాడు మా బావ అందరినీ అమలాపురంలో తన ఇంటికి పిలిచాడు. పెద్ద మావయ్య కొడుకు. దుబాయిలో ఇంజినీరు. అమలాపురంలో మూడంతస్తులు కట్టాడు. ఏడాదికి ఒక నెల ఆ ఇంట్లో తను ఉంటాడు, మిగతా నెలలు ఏసీలు ఉంటాయి. సోఫాలకి వచ్చిన ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తియ్యలేదు, కూర్చుంటే తొడల కింద చెమట పట్టి, లేచినప్పుడల్లా చప్పుడు. అందరం అలా అతుక్కుని కూర్చున్నాక బావ విషయం చెప్పాడు.

“పిల్లలు ఈ ఎండలకి తట్టుకోలేపోతన్నారండి. చాపల మీద పడుకోమంటే పడుకోరు. ఈ ఏడు కూడిక ఫారిన్‌లో పెట్టుకుందాం. అంతా నేనే చూసుకుంటాను. మెడిటరేనియన్‌లో ఏదన్నా ఐలాండ్ అయితే బాగుంటది.”

మెడిటరేనియన్ అన్నప్పుడల్లా పాకం సాగినట్టు సాగదీస్తున్నాడు. నేను రాజోలులో హైస్కూలు పిల్లలకి సోషల్ చెప్తాను. మధ్యధరా సముద్రాన్ని పటంలో గుర్తించండి అని ఏళ్ళ తరబడి పరీక్ష పేపర్లో ఇస్తూనే ఉన్నాను. ఆ సముద్రం మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ సాయంత్రం తర్వాత మాత్రం ఆ నీలం రంగు చూస్తే నాకు డోకొస్తోంది.

గోడంత టీవీలో బావ దీవులు చూపించాడు. మాల్టా, క్రీట్, సైప్రస్. తెల్లటి ఇళ్ళు, నీలం నీళ్ళు, పొడుగు గ్లాసుల్లో ఏదో తాగుతున్న సన్నటి మనుషులు. బావ భార్య నాకు వరసకి అక్క. ఆవిడకి మాల్టా మీద మనసు పడింది.

“బైబిల్లో అపొస్తలుడు ఓడ బద్దలై కొట్టుకొచ్చింది ఆ దీవికే కదండీ. మనకి ఆత్మీయంగా కూడా మేలు,” అంది. ఆ మాట మీదే, ఊపిరి తిప్పుకోకుండా, “అక్కడ హోటల్లో స్విమ్మింగ్ పూలు మేడ మీద ఉందంట,” అంది.

అందరూ తలలూపారు. దేవుణ్ణి స్విమ్మింగ్ పూలుకి పూచీ పెట్టిన మనిషిని నేను అదే మొదటిసారి చూడటం. క్రీట్ గురించి ఎవరో కొండలెక్కువ అన్నారు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళంతా కలిసి దాన్ని కొట్టేశారు. మాల్టా ఖాయం అనుకుంటుండగా అక్కకి తిండి గుర్తొచ్చింది.

“పది రోజులు ఆ రొట్టెలూ ఆకులూ తిని ఎవరుంటారండీ బాబూ? మనకి పూటకి ఇంత అన్నం పడాలి కదా?”

బావ తొడ మీద కొట్టుకున్నాడు. ప్లాస్టిక్ చప్పుడైంది. “సైప్రస్! చిన్నత్త ఉంది కదా మనకి!” అన్నాడు.

అందరి తలలూ వంటింటి గుమ్మం వైపు తిరిగాయి. గుమ్మంలో మా పిన్ని నిలబడి వెల్లుల్లి పొట్టు తీస్తోంది. ఆ గంటలో ఆమె ఉందని ఎవరికైనా గుర్తొచ్చింది అప్పుడే.

పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు. బావకి మేనత్త. బాబాయి పోయాక, పిల్లలు లేని మనిషి, ఒంటరిగా సైప్రస్ వెళ్ళి, మంచం పట్టిన ఒక ముసలావిడ దగ్గర పనికి కుదిరింది. అన్నం తినిపించడం, ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, ఇల్లు కడగడం. పదేళ్ళ పైన చేసింది. ఆ ముసలావిడ పోయాక ఊరొచ్చి మా పక్కింట్లోనే ఉంటోంది. బావకి సంబంధం చూస్తున్నప్పుడు అమ్మాయి తరఫువాళ్ళు అడిగితే, మా మేనత్త విదేశాల్లో నర్సు అని చెప్పారు. పెళ్ళికి పిన్ని సెలవు దొరక్క రాలేదు, దాంతో అబద్ధం నిలబడింది. తిరిగొచ్చాక కూడా, నలుగురిలో ఉన్నప్పుడు ఆ దీవి ఊసెత్తకమ్మా అని మెత్తగా చెప్పారు. పిన్ని ఎత్తలేదు.

అలాంటి దీవి ఆ సాయంత్రం ఒక్కసారిగా మా ఇంటిదైపోయింది. “అత్తకి అక్కడి భాష కూడా వచ్చు. బజారు తెలుసు. చేపలెక్కడ దొరుకుతాయో తెలుసు,” అని బావ అందరికీ తన సొత్తు చూపిస్తున్నట్టు చెప్పాడు. తర్వాత అద్దెకిచ్చే విల్లాల బొమ్మలు తీశాడు. అక్కడ మొదలైంది అసలు రోత. పడగ్గదులు ఎవరూ చూడలేదు. సముద్రం ఎటుందో ఎవరూ అడగలేదు. వంటగది వచ్చినప్పుడల్లా, ఆపు ఆపు అని, స్టౌకి ఎన్ని బర్నర్లున్నాయో లెక్కపెట్టారు. గ్రైండర్ ఉంటుందా అన్నారు. గోంగూర పచ్చడి సూట్‌కేసులో కారకుండా ఎలా సర్దాలో మాట్లాడుకున్నారు. ఎండు రొయ్యలు విమానంలో రానిస్తారా అని ఒకరు, పొడి కొట్టి పట్టుకెళ్తే తెలియదని ఇంకొకరు. లోకంలో ఎవరైనా స్టౌ చూసి దీవిని ఎంచుకుంటారా? మావాళ్ళు ఎంచుకున్నారు.

“ఏమంటావత్తా?” అన్నాడు బావ ఆఖర్న.

“ఆయ్,” అంది పిన్ని.

మా వైపు ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆయ్ అనకపోతే మర్యాద కాదు. రేషన్ కొట్టువాడు తిట్టినా ఆయ్ అంటూనే వింటాం. అది ఒప్పుకోలు కాదని ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. తెలిసే దాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టుకుని, వెంటనే బావ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఇంత చక్కని స్థలం చూపించినందుకు ప్రభువుకి స్తోత్రం చెప్పాడు. నేను కళ్ళు మూసుకోలేదు. పిన్ని కూడా మూసుకోలేదు. వెల్లుల్లి చేతిలోనే ఉంది, టీవీ వంక చూస్తోంది.

తిరిగొచ్చేటప్పుడు రాజోలు బస్సులో నేను ఊరుకోలేదు. వరసపెట్టి అందరినీ తిట్టాను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నాను. నర్సు అని చెప్పుకున్న నోటితోనే వంటలక్క అంటారా అన్నాను. నువ్వు రానని చెప్పు పిన్నీ, నేను తోడుంటాను అన్నాను.

పిన్ని కిటికీలోంచి చూస్తూ అంతా విన్నది. తర్వాత, “నాకు వెళ్ళాలనే ఉందమ్మా,” అంది.

నేను ఆమె వైపు తిరిగాను.

“ఆ ముసలావిడ మంచం కిటికీ పక్కనుండేది. కిటికీలోంచి చూస్తే సముద్రం. కింద ఇసకలో వరసగా కుర్చీలు, గొడుగులు. పొద్దున్నే వచ్చి కూర్చునేవారు, సాయంత్రం దాకా లేచేవారు కాదు. ఏ పనీ చేసేవారు కాదమ్మా. కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకుని, అలా చూస్తా ఉండేవారంతే. నేను అద్దాలు తుడుస్తా చూసేదాన్ని.”

“అన్నేళ్ళున్నావు, ఒక్కసారి కూడా వెళ్ళలేదా? ఆదివారాలు సెలవు కదా?”

“సెలవే. ఆదివారం ఆవిడ కూతురూ అల్లుడూ మనవలూ భోజనానికొచ్చేవారు. కూతురు వంటింట్లోకొచ్చి, ఈ ఒక్క వారం చూడవా అనేది. ఎంతో మంచిగా అడిగేదమ్మా, చెయ్యి పట్టుకుని. ఆదివారం నాకు సెలవండి అని వాళ్ళ భాషలో ఎలా చెప్పాలో పక్క ఫ్లాట్లో పనిచేసే ఆవిడ నేర్పింది. గిన్నెలు తోముతా లోపల అనుకునేదాన్ని. ఎదర నిలబడితే నోరొచ్చేది కాదు. వాళ్ళకి వడ్డించేదాన్ని, తోమేదాన్ని. అప్పటికి చీకటి పడిపోయేది.”

ఆ మాట ఎలా ఉంటుందో చెప్పమన్నాను. పిన్ని అటూ ఇటూ చూసి, బస్సులో ఎవరూ వినకుండా చిన్నగా అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పాఠం అప్పజెప్పినట్టు తడుముకోకుండా మాత్రం చెప్పింది.

“సముద్రమే కావాలంటే అంతర్వేది లేదా పిన్నీ?” అన్నాను.

“అంతర్వేది వెళ్తే నేను చేపలు బేరం చేస్తాను. ఊరికే కూర్చుంటే ఎవరో ఒకళ్ళు వచ్చి, ఏమ్మా, ఒక్కదానివే వచ్చేవు, ఏం జరిగిందేంటి అంటారు. నాకు ఆ కిటికీ కింద కుర్చీలో ఒక్క పూట కూర్చోవాలనుందమ్మా. ఎవరికీ ఏమీ వడ్డించకుండా.”

ఇంతకన్నా చిన్న కోరిక నేను వినలేదు. నా కోపం అప్పుడు ఇంకో రకంగా మారింది. నేను బావతో మాట్లాడతానన్నాను. వద్దంది. చెప్పాల్సింది తనే చెప్తానంది.

ఆ వారంలోనే ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బావకి ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టింది.

“నాన్నా, నేను తప్పకుండా వస్తానయ్యా. భాష కావాల్సిన చోట మాట సాయం చేస్తాను. వంట మాత్రం నావల్ల కాదు నాన్నా. అందరితోపాటు నేనూ కూర్చుంటాను,” అంది. ఒక్క గుక్కలో చెప్పేసి ఆయాసపడింది.

అటునుంచి బావ నవ్వాడు. “అయ్యో, ఎంత మాట అత్తా! నువ్వు మహారాణిలా కూర్చో. నిన్నెవరు చెయ్యమన్నారు?” వెనక నుంచి అక్క గొంతు, “ఏమంటన్నారండీ ఆవిడ?” అని వినపడింది. ఫోన్ పెట్టేశాడు.

పిన్ని ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. ఆ సాయంత్రమే దొడ్లో గోరింటాకు కోసి, రుబ్బి, రెండు కాళ్ళ గోళ్ళకీ పెట్టుకుంది. బాబాయి పోయాక ఆమె గోరింటాకు పెట్టుకోగా నేను చూడలేదు.

“ఇప్పుడెందుకు పిన్నీ? ప్రయాణానికి ఇంకా చాలా రోజులుంది కదా?”

“అప్పుడు మళ్ళీ పెట్టుకుంటాను. ఆ నీళ్ళల్లో కాలివేళ్ళు కనపడతాయమ్మా, అంత తేటగా ఉంటాయి. ఎర్రగా ఉంటే ఎలా ఉంటాయో చూద్దామని.”

రెండ్రోజులు తిరక్కుండా ఫోన్లో మా కుటుంబం గ్రూపులోకి బావ సందేశం వచ్చింది. ప్రార్థించగా ప్రభువు మాల్టాకి నడిపిస్తున్నారట. సైప్రస్‌లో ఎండలెక్కువట, అటుపక్క పరిస్థితులు కూడా బాగోలేవట. మాల్టాలో హోటల్, మూడు పూటలా భోజనం అక్కడే. ఇండియన్ వంటకాలు కూడా దొరుకుతాయని వాకబు చేశారట. కింద ప్రయాణమయ్యేవాళ్ళ పేర్లు. నా పేరుంది. పిన్ని పేరు లేదు. దాని కింద టపటపా చేతులు జోడించిన బొమ్మలు, ఆమెన్లు, హల్లెలూయాలు. ఒక్కరంటే ఒక్కరు పిన్ని పేరేదని అడగలేదు. అక్షరాలు చదవడం వచ్చినవాళ్ళే అందరూ.

నేను బావకి ఫోన్ చేశాను.

“పిన్ని పేరేది బావా?”

“అదేనే, వీసా దగ్గర ఇబ్బందొస్తదేమోనని. అత్త ఇదివరకు పనిమనిషి కింద వెళ్ళింది కదా? ఇప్పుడు టూరిస్టంటే నమ్మరు. ఆవిడ ఒక్కదాని వల్ల అందరివీ ఆగిపోతే?”

“అలాగని ఎవరు చెప్పేరు?”

“అంటారే.”

“వంట చేస్తుందనుకున్నప్పుడు వచ్చే వీసా, కూర్చుంటానంటే రాదా?”

బావకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. “నువ్వు ఊరికే పెద్దది చేస్తావే. అత్త ఏమీ అనుకోదు, నాకు తెలుసు. ఇంతకీ నీ పాస్‌పోర్ట్ కాపీ పంపలేదు,” అన్నాడు. ఆ గొంతులో ఒకటే తీపి. కుళ్ళిన పండు మీద పంచదార జల్లి పెట్టినట్టుంది. నేను రానని చెప్పి పెట్టేశాను. అరికాలి మంట నెత్తికెక్కిందంటారు, ఆ రోజు నాకు తెలిసింది. కాసేపు నా సొంత రక్తం మీదే నాకు అసహ్యం వేసింది.

పిన్నికి ఎలా చెప్పాలో తెలియక సాయంత్రం దాకా అటు వెళ్ళలేదు. వెళ్ళేసరికి మెట్ల మీద కూర్చుని చుక్కకూర ఏరుతోంది. తన ఫోన్లోనూ ఆ గ్రూపుంది. చూసేసింది.

“నువ్వు నిజం చెప్పమ్మా,” అంది. “దీవిని మార్చేరా, నన్ను మానేసేరా?”

అబద్ధం చెప్పొచ్చు. మా ఇంటా వంటా ఉన్న విద్యే. నాకు చేతకాలేదు.

“నిన్ను మానెయ్యడానికే దీవిని మార్చేరు పిన్నీ,” అన్నాను.

తలూపింది. కూర ఏరడం ఆపలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. ఇంకో కట్ట విప్పుతూ, “ఆ ముసలావిడ కూతురు నయం. అడిగేది,” అంది.

ఎండలు ముదిరాక వాళ్ళంతా వెళ్ళారు. మా దొడ్లో ఆ ఏడు టెంటు వెయ్యలేదు. రోజూ ఫోన్లో ఫోటోలు వచ్చి పడేవి. అక్క నల్లకళ్ళద్దాలతో, పడవలో. పిల్లలు మేడ మీద స్విమ్మింగ్ పూలులో. అపొస్తలుడు ఒడ్డుకి చేరాడన్న చోట బావ రెండు చేతులూ చాపి, ఆకాశంలోకి చూస్తూ. దాని కింద “ఆయన కృప చొప్పున” అని రాసుంది. ఒక ఫోటోలో అందరూ సముద్రం ఒడ్డున వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. కాళ్ళు నీళ్ళల్లో. పొట్టలు ఒళ్ళో. ఆ ఫోటో నేను చూసి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాను. పిన్ని మాత్రం అన్నీ చూసేది. ఆ కుర్చీల ఫోటోని వేళ్ళతో లాగి పెద్దది చేసి చూసింది.

“వేళ్ళు కనపడతన్నాయి,” అంది. అంతే.

తిరిగొచ్చిన వారానికి ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, రెండు కార్లలో దిగారు. ముందు నాకు ఫోన్ చేసి, అత్తని ఇంట్లో ఉండమను అన్నాడు బావ. క్షమాపణ చెప్పుకోడానికొస్తున్నాడేమోనని ఒక్క నిమిషం అనుకున్నాను. పిన్ని మా ఇంట్లోంచి, తన ఇంట్లోంచి కుర్చీలన్నీ తెచ్చి తన వరండాలో వేసింది. కొబ్బరి బొండాలు కొట్టించింది. అందరినీ పేరుపేరునా పలకరించి, గ్లాసులు అందించి, ఎప్పట్లాగే వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

అక్క సంచీలోంచి ఫ్రిజ్జుకి అతికించుకునే బిళ్ళ తీసి పిన్ని చేతిలో పెట్టింది. నీలం సముద్రం, తెల్లటి పడవ. “మీకోసం ప్రత్యేకంగా తెచ్చేనండి అత్తయ్యగారూ,” అంది. దాంతోపాటు కారు వేడికి కరిగి కాగితానికి అంటుకుపోయిన చాక్లెట్లు.

“ఆయ్, చాలా బాగుందమ్మా,” అంది పిన్ని.

తర్వాత హోటల్ని తిట్టుకోవడం మొదలైంది. కూరల్లో కారం లేదు. అన్నం ఉడకలేదు. ఇండియన్ వంటలన్నది శుద్ధ దగా. రెండోరోజు నుంచీ అందరికీ నోరు చచ్చిపోయిందట. దుబాయి ఎయిర్‌పోర్టులో దిగగానే అందరూ అత్త చేతి పులుసు తలుచుకున్నారట. బావ కారు డిక్కీ తెరిచి ప్లాస్టిక్ సంచీ పట్టుకొచ్చాడు. అందులోంచి చేప తోక బయటికి వేలాడుతోంది, నీచు నీళ్ళు వరండా మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

“రేవు దగ్గర తాజాగా దొరికిందత్తా. నీ చేతి చేపల పులుసుతో ఇంత అన్నం తింటే గాని మా ప్రాణాలు లేచి రావు,” అన్నాడు. సంచీ పిన్ని కాళ్ళ దగ్గర పెట్టాడు.

నేను లేచాను. ఆ సంచీ తీసి రోడ్డు మీదకి విసిరేద్దామనే లేచాను. పిన్ని నా వైపు చూసి చేత్తో ఆగమంది.

సంచీ వంక చూసింది. తర్వాత బావ వంక చూసి ఏదో అంది. ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. బస్సులో విన్న మాట అది. అప్పటిలా చిన్నగా అనలేదు, అప్పట్లాగే తడుముకోలేదు.

“ఏంటత్తా?” అన్నాడు బావ నవ్వుతూ.

“ఆదివారం నాకు సెలవండి,” అంది పిన్ని తెలుగులో.

తన మేనల్లుణ్ణి పిన్ని అండీ అనగా ఎవరం వినలేదు. బావ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. అక్క పిన్ని చేతిలోని ఫ్రిజ్జు బిళ్ళ వంక చూసింది. చేప నీళ్ళు కారుతున్నాయి. పిన్ని సంచీని పక్కనుంచి దాటుకుని వరండాలోకి వచ్చి, నేను లేవగా ఖాళీ అయిన కుర్చీలో, వాళ్ళ మధ్యన కూర్చుంది. కాళ్ళు బారజాపుకుంది. వేసవంతా పెరిగిన గోళ్ళ చివర గోరింటాకు ఎరుపు ఇంకా కొంచెం మిగిలే ఉంది.